నిద్రలో పళ్ళు ఎందుకు కొరుకుతాము?

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1986లో, నందికొట్కూరుకు దగ్గర ఒక హాస్టలులో రాత్రిపూట పిల్లలకు తోడుగా పడుకునేవాణ్ణి. ఒకటే పెద్ద హాలు. ముప్ఫై నలభైమంది పిల్లలు వరసగా చాపలు పరుచుకుని నిద్రపోయేవారు. ఒక రాత్రి ఎవరో విసుర్రాయి తిప్పుతున్నట్టు చప్పుడు వినిపించింది. గర్రు, గర్రు! టార్చిలైటు వేసి చూస్తే, కొత్తగా చేరిన ఎనిమిదేళ్ళ పిల్లవాడు గాఢనిద్రలో పళ్ళు కొరుకుతున్నాడు.

తెల్లవారేసరికి సంగతి అందరికీ తెలిసిపోయింది. “వానికి దయ్యం పట్టింది,” అంటూ పిల్లలు తమ చాపలు దూరంగా జరుపుకున్నారు. వంట చేసే అవ్వ నాతో, “దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. కడుపులో పురుగులుండాయి సార్, మందు పోయించండి,” అన్నది. నేను ట్రెయినింగు అయిన మాస్టర్ని గదా! దయ్యాన్ని నమ్మలేదు గాని, పురుగుల్ని నమ్మాను. మందు తెచ్చి తాగించాను. చప్పుడు ఆగలేదు.

ఆ తరవాత నేను చేసిన పని చెప్పుకోవటానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. చప్పుడు వినిపించినప్పుడల్లా వాణ్ణి భుజం పట్టి కుదిపి లేపి, “కొరకవద్దని చెప్పలేదూ?” అని గద్దించేవాణ్ణి. వారం తిరిగేసరికి వాడికి పడుకోవాలంటేనే భయం పట్టుకున్నది. గోడకు ఆనుకుని, కళ్ళు మూతలు పడుతున్నా, చాలా రాత్రి దాకా అలాగే కూర్చునేవాడు.

పళ్ళు కొరుకుతున్నట్టు వాడికే తెలియదని నేను తెలుసుకోవటానికి చాలా ఏళ్ళు పట్టింది.

పిల్లలూ, మీ రెండు చేతివేళ్ళూ బుగ్గల మీద, చెవులకు కాస్త ముందుగా ఆనించి, పళ్ళు గట్టిగా బిగించండి. చర్మం కింద ఒక గడ్డ లేచినట్టు తెలుస్తుంది. అది మాసెటర్ అనే కండరం. ఇప్పుడు వేళ్ళు కణతల మీద పెట్టి మళ్ళీ బిగించండి. అక్కడ కూడా ఏదో కదులుతుంది. అదీ దవడ కండరమే. పళ్ళు కొరికేవాళ్ళకు పొద్దున లేవగానే తలనొప్పి కణతల దగ్గర రావటానికి కారణం ఇదే.

ఇక పన్ను సంగతి. మన ఒంట్లో అన్నిటికంటె గట్టిది పంటి మీది పింగాణీ పొర. మా వైపు ఇండ్లలో పరిచే బేతంచెర్ల నాపరాయి కన్న కూడా అది గట్టిది. అయితే దాని మందం ఎంతనుకున్నారు? దవడపన్ను కొన మీద, అన్నిటికంటె దళసరిగా ఉన్నచోట, రెండున్నర మిల్లీమీటర్లు. పాలపళ్ళ మీద ఇంకా పలచన. విసుర్రాయిలో జొన్నలు పోసి తిప్పితే పిండి అవుతుంది. ఏమీ పొయ్యకుండా తిప్పితే రాళ్ళే ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. నిద్రలో పళ్ళు కొరకటం ఇలా వట్టి రాయి తిప్పటం వంటిదే. విసుర్రాయి నున్నబడితే ఉలితో గంట్లు పెట్టి మళ్ళీ పనిలోకి తెచ్చేవారుండేవారు. అరిగిన పింగాణీ మాత్రం మళ్ళీ పెరగదు. దాన్ని పుట్టించే కణాలు పన్ను బయటికి వచ్చేసరికే అంతరించిపోతాయి.

మరి నిద్రలో ఎందుకు కొరుకుతాము? నిద్ర రాత్రంతా ఒకే తీరుగా ఉండదు. బావిలో చేద దిగినట్టూ పైకి వచ్చినట్టూ మనం లోతు నిద్రకు దిగుతూ, తేలిక నిద్రకు వస్తూ ఉంటాము. ఆ తేలిక నిద్రలో మనం ఎరగకుండానే క్షణకాలం మెలకువ అంచుకు వచ్చి, తిరిగి నిద్రలో పడతాము. పళ్ళు కొరకటం ఎక్కువగా అప్పుడే జరుగుతుంది. ముందు గుండె వేగం కొంచెం పెరుగుతుంది, మెదడులో అలలు మారతాయి. కొద్ది క్షణాలకు దవడ కండరాలు ఇంచుమించు సెకండుకు ఒకసారి చొప్పున బిగుసుకోసాగుతాయి. ఆ పిల్లవాడు గాఢనిద్రలో ఉన్నాడని పైన రాశాను గాని, అది నా కంటికి కనిపించిన మాట మాత్రమే.

డాక్టర్లు దీన్ని బ్రక్సిజం అంటారు. 1994లో కెనడాలో 2 వేల మందికి పైగా పెద్దవాళ్ళను అడిగి చూస్తే, నూటికి 8 మంది నిద్రలో పళ్ళు కొరుకుతామని చెప్పారు. చిన్నపిల్లల్లో ఇది పెద్దవాళ్ళలో కన్న ఎక్కువ. పది పన్నెండేళ్ళు దాటేసరికి చాలామందికి దానంతట అదే పోతుంది. పాలపళ్ళు కొంచెం అరిగినా అవి ఎలాగూ ఊడిపోయేవే. అందుచేత తల్లిదండ్రులు కంగారు పడవలసిన పని లేదు, పిల్లల్ని లేపి గద్దించవలసిన పని అసలే లేదు. అయితే నోరు తెరుచుకుని నిద్రపోతూ గురకపెట్టే పిల్లలు పళ్ళు కూడా కొరుకుతుంటే డాక్టరుకు చూపించాలి. టాన్సిల్స్ వాచి గాలి సరిగా ఆడక, నిద్ర మాటిమాటికీ చెదురుతూ ఉండవచ్చు.

పురుగుల మాటేమిటి? ఈ సంగతి అనేక దేశాల్లో పరీక్షించి చూశారు. పళ్ళు కొరికే పిల్లల్లో పురుగులు లేనివాళ్ళున్నారు, పురుగులుండీ కొరకనివాళ్ళున్నారు. పురుగులే కారణమని రుజువు కాలేదు. 2015లో మొదలైన నులిపురుగుల నివారణ దినాలకు బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర మాత్రం తప్పక వేసుకోండి. పురుగులుంటే రక్తం తగ్గి పిల్లలు నీరసిస్తారు. ఆ మాత్ర అందుకు, పళ్ళకు కాదు.

పగటిపూట సంగతి వేరు. ఇందులో పిల్లల కన్న పెద్దవాళ్ళే ఎక్కువ. మనం తెలుగులో “పంటి బిగువున భరించాడు” అంటాము చూశారా, సరిగ్గా అదే. కష్టమో, దిగులో, పట్టరాని పనో వచ్చినప్పుడు, చప్పుడు లేకుండా పళ్ళు బిగించి కూర్చుంటాము. 2021లో అమెరికాలో దంతవైద్యుల సంఘం వాకబు చేస్తే, కరోనా రోజుల్లో పళ్ళు కొరికే రోగులు, దవడ బిగించే రోగులు పెరిగారని నూటికి 70 మందికి పైగా వైద్యులు చెప్పారట. కాఫీ, సారాయి, పొగాకు మితిమీరినా, కొన్ని రకాల మందులు వాడినా ఇది ఎక్కువ కావచ్చు.

నేను హెడ్మాస్టరుగా ఉండగా, పదోతరగతి పరీక్షలు వస్తే చాలు, నాకు చెవిపోటు వచ్చేది. చెవిలో చుక్కల మందు వేసుకునేవాణ్ణి. మూడేళ్ళు అలా గడిచాక ఒక దంతవైద్యుడు నా నోరు చూసి, “చెవికేమీ కాలేదండీ. మీ దవడపళ్ళు చూడండి, నున్నగా బల్లలాగా అరిగాయి,” అన్నాడు. దవడ కీలు చెవికి ఆనుకునే ఉంటుంది. దాని నొప్పి చెవిలో ఉన్నట్టు తోస్తుంది. ఆయన నా పళ్ళకు అచ్చు తీసి, రాత్రి పెట్టుకోవటానికి ఒక తొడుగు చేయించి ఇచ్చాడు. తొడుగు కొరకటాన్ని ఆపదు, పళ్ళను కాపాడుతుంది. దవడ పెరుగుతూ, పళ్ళు ఊడి మొలుస్తూ ఉండే పిల్లలకు సామాన్యంగా దాన్ని ఇవ్వరు. మా ప్రాంతంవారికి కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల కూడా ఉంది.

హాస్టలు పిల్లవాడి సంగతి మరిచిపోలేదు. వాడి ఊరివాడే, అయిదోతరగతి పిల్లవాడొకడు, ఒక రాత్రి ఎవరూ చెప్పకుండానే తన చాప తెచ్చి వాడి పక్కన పరుచుకున్నాడు. ఆ రాత్రి వాడు గోడకు ఆనుకుని కూర్చోలేదు. చప్పుడు మాత్రం మామూలే. నేను లేచి వెళ్ళలేదు. కొన్నాళ్ళకు హాలులో ఎవరూ దాన్ని వినిపించుకోవటం కూడా మానేశారు.

ఆ దంతవైద్యుడు నాకు మరొక పని కూడా చెప్పాడు. దానికి కానీ ఖర్చు లేదు. ఊరక ఉన్నప్పుడు పెదవులు కలిసి ఉండాలి గాని, పళ్ళు తగలకూడదు. తినేటప్పుడు, గుటక వేసేటప్పుడు పళ్ళు నిజంగా తగులుకునే కాలమంతా కూడినా రోజుకు అరగంట కాదు. మిగిలిన కాలమంతా వాటి మధ్య సందు ఉండవలసిందే. ఇప్పుడు మీరెలా ఉన్నారో చూసుకోండి. ఈ కాపలా పని మా ఇంట్లో నా మనవరాలు తీసుకున్నది. నేను పేపరు చదువుతుంటే పక్కకు వచ్చి నా బుగ్గ మీద వేలు పెట్టి చూస్తుంది. గట్టిగా తగిలిందా, “తాతా, పళ్ళు!” అని అరుస్తుంది. ముఖ్యంగా వానల వార్తలు చదివేటప్పుడు దొరికిపోతున్నాను.