మంచు కురిసిన ఉదయమున బడి ఉన్నదా?

శీతకాలపు తెల్లవారుజాము. అమెరికా సంయుక్త రాష్ట్రముల ఉత్తరభాగమున ఒక చిన్న పల్లె. రాత్రి కురిసిన మంచు కిటికీల అంచులవరకు పేరుకొని యున్నది. వంటయింటిలో రేడియో మ్రోగుచున్నది గాని అందు సంగీతము లేదు, ఉపన్యాసము లేదు. అనౌన్సరు ఊళ్ళ పేర్లను అక్షరక్రమమున చదువుకొనుచు పోవుచున్నాడు. ఒక పేరు, దాని వెంట "సెలవు". ఇంకొక పేరు, దాని వెంట "రెండు గంటలు ఆలస్యము". బల్లచుట్టు చేరిన పిల్లలు ఊపిరి బిగబట్టి తమ ఊరి పేరుకొరకు ఎదురు చూచుచున్నారు. అక్షరమాల చివర నున్న ఊరి పిల్లల అవస్థ చెప్ప నలవికాదు.

ఇరువదవ శతాబ్దమున చాలకాలము ఆ ప్రాంతమున శీతకాలపు ఉదయములు ఇట్లే ఆరంభమయ్యెడివి. మిన్నెసోటా రాష్ట్రమున మినియాపొలిస్ నగరపు డబ్ల్యు.సి.సి.ఓ. రేడియో కేంద్రము ఈ జాబితాలకు పెట్టినది పేరు. ఇప్పు డా పని చాలవరకు టెలిఫోను సందేశములపాలైనది. జాబితాలు చదువుట మా వృత్తిలో ఎవరికిని ఇష్టమైన పని కాదు. తుఫాను దినములలో ఏయే జిల్లాలలో బడులకు సెలవో మేమును చదివిన వారమే. ఒకసారి ఒక జిల్లా పేరువద్ద తడబడితిమి. మరుక్షణమునుండి టెలిఫోను మ్రోత ఆగలేదు. శ్రోతలు శ్రద్ధగా వినుచున్నారని తెలిసికొనుటకు అంతకన్న మంచి ఉపాయము మాకు నేటికిని దొరకలేదు.

మనదేశమున తుఫాను వచ్చినపుడు సెలవు ప్రకటించువాడు కలెక్టరు. అచ్చట ఆ నిర్ణయము చేయువాడు కలెక్టరు గాడు, గవర్నరు గాడు. "స్కూలు డిస్ట్రిక్టు" అను మాట విని మన జిల్లావంటి దని భావించినచో పొరపాటు. అది బడులను నడుపుటకై ఏర్పడిన ఒక ప్రత్యేక స్థానిక ప్రభుత్వము. చాల రాష్ట్రములలో దానికి ఊరి మునిసిపాలిటీతో సంబంధము లేదు. ప్రజలెన్నుకొనిన బోర్డు ఒకటి యుండును. ఇండ్లపైనను భూములపైనను పన్ను వేయు అధికారము ఆ బోర్డుకు సాధారణముగా కలదు. బోర్డు నియమించిన సూపరింటెండెంటు బడుల వ్యవహారమంతయు చూచును. నేడు దేశమున ఇట్టివి సుమారు 13,000 కలవు; వానిలో దాదాపు సగమున విద్యార్థుల సంఖ్య వేయికి మించదు. కొన్నింట ఒకటవ తరగతినుండి పన్నెండవ తరగతివరకు పిల్లలందరును ఒకే కప్పుక్రింద చదువుకొందురు. మేమిచ్చట చెప్పదలచినది అట్టి చిన్న డిస్ట్రిక్టులనుగూర్చియే.

ఆ సూపరింటెండెంటు శీతకాలమున తెల్లవారుజామున నాలుగింటికే లేచును. తన వాహనమున తానే బయలుదేరి, బస్సులు పోవలసిన దారులలో కొంతదూరము పోయి చూచును. మంచు తొలగించు యంత్రములవారికి, బస్సు డ్రైవర్లకు, పొరుగు డిస్ట్రిక్టు సూపరింటెండెంటులకు ఫోను చేయును. ఐదున్నర, ఆరు గంటలలోపల నిర్ణయము జరుగవలెను. ఆలస్యమైనచో దూరపు పొలములలోని పిల్లలు అప్పటికే రోడ్డుప్రక్కకు వచ్చి నిలుచుందురు. గాలితో కూడిన చలి సున్నకు దిగువ నలుబది డిగ్రీలకు చేరినచో, కప్పుకొనని చర్మము సుమారు పది నిమిషములలో గడ్డకట్టును. ఫారన్‌హీటులో నైనను సెంటిగ్రేడులో నైనను ఆ నలుబది ఒక్కటియే.

అట్లని ప్రతి చిన్న మంచుకును సెలవిచ్చుటకు వీలు లేదు. అనేక రాష్ట్రములలో బడి ఏడాదికి 180 దినములు జరుగవలెనని నియమము. ముందుగా లెక్కలో విడిచిన మంచు సెలవులు చాలనిచో, పోయిన దినములను జూన్ మాసమున పూర్తిచేయవలసి వచ్చును. తల్లిదండ్రులిద్దరును పనికి పోవు నిండ్లలో పసివానిని కనిపెట్టి యుండువా రుండరు. 1946 నాటి చట్టమువలన బడులలో భోజన పథకము స్థిరపడినది. ఆ మధ్యాహ్న భోజనమే ఆ దినమున కడుపునిండ తిను ఒకే భోజనమైన పిల్లలు ఆ దేశమునందును కలరు. బడి తెరచి బస్సు గుంటలో పడినను తప్పు సూపరింటెండెంటుదే. మూసిన తరువాత ఎండ కాసినను తప్పు ఆయనదే. రెండవ తప్పునకు ఊరివారు నవ్వుదురు, అంతే.

మొదటి తప్పు ఎట్టిదో ఆ మైదాన ప్రాంతములవారు మరువలేదు. 1888 జనవరి 12వ తేది. మనకు సంక్రాంతి సంబరముల దినములు. డకోటా, నెబ్రాస్కా, మిన్నెసోటా ప్రాంతములలో చాలచోట్ల ఆ ఉదయము చలి తగ్గి వెచ్చగా నుండెను. చాల దినముల తరువాత ఎండ చూచిన పిల్లలు మందపు కోట్లు విడిచి బడికి పోయిరి. తరువాత అకస్మాత్తుగా వాయవ్య దిక్కునుండి మంచు తుఫాను గోడవలె వచ్చి పడినది. నెబ్రాస్కాలో పలుచోట్ల అది వచ్చినది బడి వదలు వేళకే. పిండివలె సన్నని మంచుపొడి గాలిలో నిండి, చాచిన చేయి తనకే కనబడని స్థితి యేర్పడెను. మరణించినవారు సుమారు 235 మంది యని అంచనా. వారిలో పలువురు పిల్లలే యగుటచే ఆ తుఫానుకు "బడిపిల్లల తుఫాను" అను పేరు వచ్చినది.

నాటి బడులు పొలముల నడుమ ఒంటరిగా నున్న ఒంటిగది కట్టడములు. గడ్డివేళ్ళతో కూడిన మట్టిపెళ్ళలు పేర్చి కట్టినవి కొన్ని. లోపల ఒక పొయ్యి, ఒక ఉపాధ్యాయురాలు. ఆమె యును చాలచోట్ల ఇరువదేండ్ల ప్రాయమున నున్న యువతియే. పిల్లలను బడిలోనే యుంచవలెనా, ఇండ్లకు పంపవలెనా, తానే తీసికొని పోవలెనా? అడుగుట కెవరును లేరు. ఓర్డ్ పట్టణము సమీపమున మిన్నీ ఫ్రీమన్ అను ఉపాధ్యాయురాలు, గాలికి బడికప్పు ఎగిరిపోగా పిల్లలను వెంటబెట్టుకొని ఒక రైతు ఇల్లు చేర్చి అందరిని కాపాడెను. వారిని తాడుతో కట్టి నడిపించెనని పత్రికలు వ్రాసినవి; ఆ తాడు మాట నిజమా కాదా యని తరువాత వాదములు జరిగినవి. అదే దినమున ప్లెయిన్‌వ్యూ సమీపమున మరియొక ఉపాధ్యాయురాలు కట్టెలు అయిపోవుటచే ముగ్గురు పిల్లలతో సమీపపు ఇంటికి బయలుదేరి దారి తప్పెను. ముగ్గురును ఆమె ప్రక్కనే మరణించిరి. ఆమె పాదములు పోగొట్టుకొనెను. ఇద్దరును చేసిన నిర్ణయ మొక్కటే యని గమనింపుడు.

వాతావరణ సూచనలు నాడు సైన్యపు సిగ్నల్ శాఖవా రిచ్చెడివారు. తంతివార్త రైలు స్టేషనువరకు రాగలదు. అచ్చటినుండి పొలముల నడుమనున్న బడికి వచ్చు దారి లేదు. రేడియో జాబితా విలువ తెలియవలె నన్న ఈ సంగతి జ్ఞప్తి యుంచుకొనవలెను.

బస్సులు వచ్చిన తరువాత కష్టము వేరు రూపు దాల్చినది. 1931 మార్చి 26న కొలరాడో రాష్ట్రమున, కాన్సాస్ సరిహద్దు చేరువనున్న టౌనర్ అను ఊరి సమీపమున, తుఫాను ముదురుచుండగా పిల్లలను బడినుండి ఇండ్లకు పంపిరి. క్యాలెండరులో వసంతము వచ్చినది గాని ఆ మైదానములు క్యాలెండరును లెక్కచేయవు. ఇరువదిమంది పిల్లలున్న బస్సు దారి తప్పి గుంటలో చిక్కుకొని, ఒక పగలు, ఒక రాత్రి గడచి, మరునాటి సాయంకాలమువరకు అచ్చటనే యుండెను. ఐదుగురు పిల్లలు చలికి మరణించిరి. సహాయమునకై నడచిపోయిన డ్రైవరును పొలములో మరణించెను. ఆ ఐదుగురిలో ఒకతె ఆయన కుమార్తెయే.

నాటి బడి బస్సులకు ఒక ప్రమాణమనునది లేదు. ఎవరికి తోచిన బండి వారిది, ఎవరికి తోచిన రంగు వారిది. 1939 ఏప్రిలులో కొలంబియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయ కళాశాలలో ఫ్రాంక్ సైర్ అను ఆచార్యుడు అన్ని రాష్ట్రముల ప్రతినిధులను సమావేశపరచి, బస్సుల నిర్మాణమునకు 44 నియమములు ఏర్పరచెను. నేడు చలనచిత్రములలో మన పిల్లలుకూడ గుర్తుపట్టు ఆ పసుపురంగు అందొకటి. తెల్లవారని మసక వెలుతురులో ఆ రంగుమీద నల్లని అక్షరములు స్పష్టముగా కనబడు నని దాని నెన్నుకొనిరి.

ఇంతవరకు చెప్పినది భయపు కథ. శీతకాలము ఆ పల్లెలకు కూడికల కాలముకూడ. పంట యింటికి చేరి, పొలములు మంచుక్రింద నిద్రించునప్పుడు జనులకు తీరిక చిక్కును. పందొమ్మిదవ శతాబ్దమున పల్లెబడులలో "శీతకాలపు టర్ము" అని వేరుగా నుండెడిది. వేసవిలో పొలము పని వదలలేని పెద్దపిల్లలు అప్పుడే బడికి వచ్చెడివారు. రాత్రులందు అదే గదిలో దీపములు వెలిగించి వర్ణక్రమ పోటీలు, వాదప్రతివాదములు జరిపెడివారు. పెట్టె విందు అనునది మరియొక వేడుక. స్త్రీలు భోజనమును అలంకరించిన పెట్టెలలో పెట్టి తెచ్చుట, అవి ఎవరివో చెప్పకుండ వేలము వేయుట, పాడుకొనిన పురుషుడు ఆ పెట్టె తెచ్చిన స్త్రీతో కూర్చుండి తినుట. ఆ డబ్బు బడికి పుస్తకములో, పొయ్యికి బొగ్గో కొనుటకు ఉపయోగపడును. పెట్టె ఎవరిదో తెలియదను మాట ఎవరు నమ్మిరో మేము చెప్పలేము.

తరువాత ఆ వేడుకలు బడి వ్యాయామశాలకు మారినవి. బాస్కెట్ బాల్ అను ఆట పుట్టినదే శీతకాలముకొరకు. 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రపు స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామ శిక్షకుడు, మంచువలన బయట ఆడలేని పదునెనిమిదిమంది యువకులకొరకు పండ్లబుట్టలు గోడకు కొట్టి, పదమూడు నియమములు వ్రాసి దీనిని కల్పించెను. జట్టునకు ఐదుగు రుండిన చాలును గనుక చిన్న బడికిది చక్కగా అమరినది. 1954 మార్చిలో ఇండియానా రాష్ట్రమున కేవలము 161 మంది విద్యార్థులున్న మైలన్ అను చిన్న ఊరి ఉన్నత పాఠశాల, తనకు పదింతలున్న మన్సీ సెంట్రల్ పాఠశాలను 32-30 తేడాతో ఓడించి రాష్ట్రపు పోటీ గెలిచినది. చివరి క్షణములలో బాబీ ప్లంప్ అను బాలుడు బంతిని బుట్టలో వేసెను. 1986లో వచ్చిన "హూసియర్స్" అను చలనచిత్రమునకు ఈ కథయే ప్రేరణ.

అట్టి ఊళ్ళలో శుక్రవారము రాత్రి ఆట యున్నచో వీధులు శూన్యములు. ఆడుచున్నవారి తాతలును ఒకప్పుడు ఆ నేలమీదనే ఆడినవారు. ఆటకు ముందు బడి భోజనశాలలో విందు. చిక్కుడు గింజలు, మాంసము కలిపి కారముగా వండిన "చిల్లీ" యను కూర వడ్డింతురు. నెబ్రాస్కా ప్రాంతమున దానితో దాల్చినచెక్క పొడి చల్లిన తీపిరొట్టెచుట్టలు తినుట ఆచారము. కారముతో తీపి నంజుకొనుట చూచి పొరుగు రాష్ట్రములవారు వింతపడుదురట. పప్పన్నములో అరటిపండు పిసికికొను వారిని చూచినవారమగుటచే మాకది అంత వింతగా తోచలేదు. వచ్చిన సొమ్ము పిల్లల వాద్యబృందమునకో, మరియొక ఖర్చునకో పోవును. డిసెంబరులో చిన్నపిల్లల పాటకచేరి. ఊరిలో అందరును కూర్చుండగల పెద్దగది తరచుగా అదియొక్కటే. విద్యుత్తు పోయిన మంచు రాత్రులందు తలదాచుకొనుచోటును చాలచోట్ల అదియే.

కనుకనే బడి పోవుట ఆ ఊళ్ళకు ప్రాణసంకటము. 1940 ప్రాంతమున దేశమున 1,17,000కు పైగా నుండిన స్కూలు డిస్ట్రిక్టులు నేటి 13,000కు తగ్గినవి. ఒక్క నెబ్రాస్కాలోనే ఒకప్పుడు 7,000కు పైగా నుండెను. నేడు 250కి లోపు. చిన్నవానిని పెద్దవానిలో కలుపుట న్యాయమేయని వాదించువారి మాటలో సత్యము కలదు. ఏడుగురు పిల్లలకొరకు ఒక బడి నడుపుట ఖర్చుతో కూడిన పని. రసాయనశాస్త్రము చెప్పగల ఉపాధ్యాయుడు ప్రతి పల్లెకును దొరకడు. కాని వారి లెక్కలలో శీతకాలమునకు తగిన చోటున్నదా యని మా సందేహము. బడి దూరమైనకొలది బస్సు దారి పొడుగగును. తెల్లవారకమునుపే బస్సెక్కిన ఆరేండ్ల పిల్ల ఆ దారియంతయు మంచుమీద ప్రయాణము చేయవలెను. నాలుగింటికి లేచి దారి చూచు సూపరింటెండెంటునకును అన్ని దారులు స్వయముగా చూచుట సాధ్యము కాదు.

నెబ్రాస్కా శాసనసభ 2005లో ప్రాథమిక తరగతులు మాత్రమే గల చిన్న డిస్ట్రిక్టులను రద్దుచేయుచు చట్టము చేసినది. ప్రజలు సంతకములు సేకరించి దానిని ఓటునకు పెట్టించిరి. 2006 నవంబరులో ఓటర్లు ఆ చట్టమును త్రోసిపుచ్చిరి. అయిన నేమి? ఆ యేటి వేసవిలోనే డిస్ట్రిక్టులు విలీనమై పోయినవి. ఓటు గెలిచినది గాని డిస్ట్రిక్టులు తిరిగి రాలేదు.

నిర్ణయము పైనుండి వచ్చిన సందర్భములును కలవు. 2014 జనవరి 6న మిన్నెసోటా గవర్నరు తీవ్రమైన చలి కారణముగా రాష్ట్రమంతట ప్రభుత్వ పాఠశాలలు మూయించెను. అట్టివి అరుదు గనుకనే చెప్పుకొందురు.

2020 నాటి మహమ్మారి తరువాత క్రొత్త చిక్కు వచ్చినది. ఇంటినుండి కంప్యూటరుద్వారా పాఠములు చెప్పుట నేర్చిన డిస్ట్రిక్టులు, ఇక మంచు సెలవు లెందు కనసాగినవి. ఆ యేడు డిసెంబరులో పశ్చిమ వర్జీనియాలోని జెఫర్సన్ కౌంటీ సూపరింటెండెంటు మాత్రము, మంచు పడినది గనుక కంప్యూటరు పాఠములుకూడ లేవు, పోయి ఆడుకొనుడని పిల్లలకు లేఖ వ్రాసెను. ఆ లేఖ దేశమంతట వ్యాపించినది. అచ్చటి పిల్లలకు మంచు రప్పించు మంత్రములు కొన్ని కలవు: రాత్రి ఉడుపులు తిరగవేసి తొడుగుకొనుట, దిండుక్రింద చెంచా పెట్టుకొనుట. అమెరికాలోని మన తెలుగువారి పిల్లలును వీనిని శ్రద్ధతో పాటింతురని విన్నాము. చూచుటకు వెళ్ళిన అమ్మమ్మలకు తెల్లవారిన తరువాత చెంచాలు వెదకుట యొక పని.

ఇంటర్నెట్టు సరిగా అందని పొలములు ఆ మైదానములలో ఇంకను కలవు. అచ్చట మంచు పడిన రాత్రి, నాలుగు గంటలకు సూపరింటెండెంటు మరల బండి తీయును. దీపపు వెలుతురులో దారి అంచు కనబడుచున్నదా లేదాయని ముందుకు వంగి చూచుచు, దూరపు పొలమువద్ద బస్సు మళ్ళు మలుపువరకు పోయి వచ్చును.