వెంట్రుకకు ఎర, ముల్లుకు చేప

గాలం వేసేవారికి ఓపిక ఉండాలంటారు పెద్దలు. ఓపిక ఒక్కటే ఉంటే చాలదు. చేప మేత ఎట్లా తింటుందో కూడా తెలిసి ఉండాలి. తెలియకపోతే జరిగేది అందరూ ఎరిగినదే. బెండు రెండుసార్లు ఊగి ఊరుకుంటుంది. కర్ర ఎత్తి చూస్తే పిండిముద్ద ఉండదు. ఉత్త ముల్లు పైకి వస్తుంది. మళ్లీ ముద్ద పెట్టడం, మళ్లీ విసరడం, పొద్దుగూకే దాకా ఇదే వరస. చివరకు "ఇవాళ రాత లేదు" అనుకుంటూ ఖాళీ సంచితో ఇంటిదారి పట్టేవారు ఓరుగల్లు ప్రాంతంలో పాకాల, రామప్ప, లక్నవరం వంటి పెద్ద చెరువుల నుంచి ఊరి కుంటల దాకా అంతటా కనిపిస్తారు.

తప్పు రాతది కాదు. ముల్లుకు ఎర కట్టే తీరులోనే ఉంది.

చాటతో చెరిగినట్టు

మన చెరువుల్లో ఒక్కో చేపది ఒక్కో తావు. బొచ్చె పైనీటిలో మేస్తుంది. రవ్వ నడిమి నీటిలో తిరుగుతుంది. మ్రిగాల, బంగారుతీగ అడుగున బురద వెతుక్కుంటాయి. వీటిలో బంగారుతీగ మన దేశపు చేప కాదు. 1939లో నీలగిరి కొండలకు ఒక రకం, 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కు మరొక రకం వచ్చాయి. బ్యాంకాక్ రకం మైదానాల వేడికి తట్టుకొని పల్లె చెరువుల దాకా పాకింది.

బంగారుతీగకు దవడల్లో పళ్లు ఉండవు. నమిలే పళ్లు గొంతులో ఉంటాయి. అందుకని అది మేతను కొరకదు, నీటితోపాటు లోపలికి పీల్చుకుంటుంది. నోట్లో పడినదాన్ని ఒక్క క్షణం పరీక్షించి, పనికివచ్చేది ఉంచుకొని, రాయీ రప్పా బయటికి ఊసేస్తుంది. ఇల్లాలు చాటలో బియ్యం చెరిగినట్టే ఈ పని సాగుతుంది. ముద్దలో దాచిన ముల్లు గట్టిగా, బరువుగా తగిలితే దాన్నీ ఊసేస్తుంది. గట్టున కూర్చున్నవారికి కనిపించే బెండు ఊగుడు చాలాసార్లు అదే. కర్ర ఎత్తేసరికి పని అయిపోయి ఉంటుంది.

ఇంగ్లండువారి ఉపాయం

ఇంగ్లండులో గాలం వేసేవారికీ ఇదే చిక్కు వచ్చింది. అక్కడి చెరువుల్లోని కార్ప్ చేప కూడా మన బంగారుతీగ జాతిదే. లెనీ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అనే ఇద్దరు మిత్రులు చేప మేతను పీల్చడం, ఊసేయడం జాగ్రత్తగా గమనించారు. ఎరను ముల్లుకు గుచ్చడం మానేశారు. ముల్లు వంపు దగ్గర నిజంగానే ఒక తలవెంట్రుక కట్టి, దాని కొసన ఎరను వేలాడదీశారు. మాడక్స్ 1981లో వెలువరించిన "కార్ప్ ఫీవర్" పుస్తకంతో ఈ పద్ధతి నలుగురికీ తెలిసింది. నేడు వెంట్రుకకు బదులు సన్నని దారం వాడుతున్నా పేరు మాత్రం వెంట్రుక కట్టుగానే నిలిచింది.

ఇందులోని కిటుకు చిన్నది. ఎర వేరుగా, ముల్లు వేరుగా ఉంటాయి. చేప ఎరను పీల్చితే దాని వెంట ముల్లు కూడా నోట్లోకి పోతుంది. ఊసేయబోతే ఎర ముందు వస్తుంది. మొన బోసిగా ఉండటం వల్ల ముల్లు తిరిగి కింది పెదవికి గుచ్చుకుంటుంది. మనవారు ముల్లును పిండిలో దాచాలని చూస్తారు. వారు దాన్ని బయటే ఉంచారు.

కట్టే విధానం

దీనికి కొనవలసింది పెద్దగా లేదు. ఆరో నంబరు ముల్లు, రెండు జానల మెత్తని అల్లిక దారం ఉంటే చాలు. ముల్లుకు పైన కన్ను ఉండాలి. తంగూసు బిరుసుగా ఉంటుంది గనుక ముల్లు దగ్గర పనికిరాదు. అసలు దారంగా అది సరిపోతుంది.

మొదట దారం ఒక కొసన చిన్న ఉచ్చు వేయాలి. సన్నని తీగ కొసను కొక్కెంలా వంచి, దానిని ఉడికిన మక్క గింజల్లోంచి దూర్చి, ఉచ్చును తగిలించి వెనక్కు లాగితే గింజలు దారం మీదికి వస్తాయి. రెండు గింజలు చాలు. అవి జారిపోకుండా ఉచ్చులో చీపురుపుల్ల ముక్క అడ్డం పెట్టాలి.

తరువాత దారం రెండో కొసను ముల్లు కన్నులోంచి దూర్చాలి. ఎర ఉన్న దారాన్ని ముల్లు కాడ వెంట ఆనించి పట్టుకోవాలి. ముల్లు వంపునకూ గింజకూ మధ్య బియ్యపు గింజ పొడవంత ఎడం ఉండాలి. ఎడం మరీ ఎక్కువైతే చేప ఎరను తిని పోతుంది. మరీ తక్కువైతే గింజ ముల్లుకు అడ్డుపడుతుంది. ఇక పొడవు దారాన్ని కన్ను దగ్గర నుంచి కిందికి, కాడనూ ఎర దారాన్నీ కలిపి ఏడెనిమిది చుట్లు చుట్టాలి. మిగిలిన కొసను తిరిగి కన్నులోంచి దూర్చాలి. కాడ వీపు వైపు నుంచి మొన వైపునకు రావాలి. ఇది తారుమారైతే ముల్లు తిరగదు, కట్టిన శ్రమ వృథా. దారాన్ని తడిపి బిగించాలి. పొడిగా లాగితే రాపిడికి దారం చెడుతుంది.

ఎర సంగతి

ఎండు మక్కలను ఒక రాత్రీ పగలూ నానబెట్టి, మెత్తబడేదాకా ఉడకబెట్టాలి. నానని గింజ చేప కడుపులో ఉబ్బి దానికి హాని చేస్తుంది. శనగలకైనా ఇదే పద్ధతి.

పిండి ఎర కావాలంటే జొన్నపిండి, పొడి చేసిన పల్లిచెక్క, కొంచెం తవుడు కలిపి, కోడిగుడ్డు సొనతో గట్టిగా పిసకాలి. గోలీలంత ఉండలు చేసి మరుగుతున్న నీటిలో రెండు మూడు నిమిషాలు ఉంచి ఆరబెట్టాలి. పైన పొర గట్టిపడుతుంది. పచ్చిముద్దను చిన్న పరకలు పొడిచి పొడిచి కరిగిస్తాయి. ఉడికిన ఉండ పెద్ద చేప వచ్చేదాకా అడుగున నిలుస్తుంది.

బరువు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ముల్లు గుచ్చుకోగానే బెదిరి పరుగెత్తే చేప ఆ బరువు లాగుడుకే గట్టిగా పట్టుబడుతుంది. కనుక బరువు తేలికగా ఉండరాదు. దానికి సీసమే కావాలని లేదు. హంసలు చిన్న సీసపు గుండ్లు మింగి చనిపోతున్నాయని ఇంగ్లండులో 1987లో వాటి అమ్మకాన్ని ఆపేశారు. మన దగ్గర పాత ఇనుప నట్టు చాలు. దాన్ని అసలు దారానికి పలుచని నూలు పోగుతో కట్టాలి. గాలం తుంగలో చిక్కి దారం తెగినా నూలు పోగు తెగి నట్టు ఊడిపోతుంది. చేప ఆ బరువు ఈడ్చుకుంటూ చావదు.

పెదవికా, గొంతుకా?

ఈ కట్టు వల్ల మేలు గాలం వేసినవారికి మాత్రమే కాదు. ఎర్రను గుచ్చిన ముల్లును చేప తరచుగా గొంతులోకి దింపుకుంటుంది. జానెడు పిల్ల పడితే "పోనీ" అని వదిలినా అది బతకడం కష్టం. పేగుల దాకా పోయిన ముల్లును పెరికితే నీళ్లలోనే చస్తుంది. అటువంటప్పుడు దారాన్ని నోటి దగ్గర కోసి వదలడమే మేలు. వెంట్రుక కట్టులో ముల్లు చాలావరకు పెదవికే తగులుతుంది. తడి చేతితో పట్టి, ముల్లు తీసి వదిలితే పిల్ల బతుకుతుంది. మేత బాగున్న చెరువులో అదే పిల్ల ఏడాదిలో కిలో తూగగలదు.

ఆ పిల్లలు ఊరికే వచ్చినవి కావు. మత్స్య సహకార సంఘం ఉన్న చెరువులో వల వేసే కుటుంబాల ఏడాది కూడు ఆ నీటిలోనే ఉంటుంది. గాలం వేసేవారు ముందుగా సంఘం వారిని అడగడం మర్యాద. అడిగి వేసినా పనికిరాని పిల్లను చంపి పారేస్తే అది ఇంకొకరి గంజిలో మన్ను పోసినట్టే.

ఇంగ్లండులో చేపను తూచి మళ్లీ నీటిలో వదలడం వేడుక. ఇక్కడ చేప పులుసు కోసం. అందులో తప్పేమీ లేదు. సంచిలో వేసుకోవలసినది ఏది, నీటికి తిరిగి ఇవ్వవలసినది ఏది అన్నది పట్టినవారు తేల్చుకోవాలి. గొంతులో దిగిన ముల్లు ఆ అవకాశం ఇవ్వదు, పెదవికి తగిలిన ముల్లు ఇస్తుంది.

ఇంటికి బయలుదేరే ముందు తెగిన దారాలు, విరిగిన ముళ్లు ఏరుకొని పోవడం మరువరాదు. మరునాడు పొద్దున అదే గట్టు మీద బర్రెలు మేస్తాయి, వాటి వెనక పిల్లలు ఉత్తకాళ్లతో నడుస్తారు.