నల్ల మాత్రలతో కీళ్లవాతం పోదు

కొన్నాళ్లుగా కెనడాలోని బ్రాంప్టన్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట చక్కర్లు కొడుతోంది. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ క్యాన్సర్ మందట, లివర్ పోతుందట. అది మానేసి చైనా మూలికల నల్ల మాత్రలు వాడితే కీళ్లవాతం వేళ్లతో సహా పోతుందట, అందులో కెమికల్సే ఉండవట. ఇది నమ్మి మందు ఆపేసినవాళ్లు మనలోనే ఉన్నారు. ఆపిన కొన్ని వారాలకు పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు. చీర కుచ్చిళ్లు పట్టవు, పాల సంచి మూల కత్తిరించడానికి కత్తెర ఆడదు.

మెథోట్రెక్సేట్ క్యాన్సర్‌కూ ఇస్తారు, నిజమే. కానీ కీళ్లవాతానికి, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి ఇచ్చేది సాధారణంగా వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. క్యాన్సర్‌లో ఇచ్చే పెద్ద మోతాదులు దీనికి ఎన్నో రెట్లు. లివర్‌కు ఇబ్బంది రావచ్చు కాబట్టే మధ్యమధ్యలో రక్తపరీక్షలు చేయిస్తారు, తోడుగా ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. ఈ జబ్బులో మన రోగనిరోధక శక్తే కీలు లోపలి పొర మీద దాడి చేస్తుంది. తొలి నెలల్లో అదుపు చేయకపోతే ఎముక దెబ్బతింటుంది, పోయిన ఎముక మళ్లీ రాదు. నొప్పి తగ్గడం వేరు, జబ్బు ఆగడం వేరు.

ఇక ఆ నల్ల మాత్రలు. మూడు రోజుల్లో లేపి నడిపించాయంటే సంతోషించకండి, అనుమానించండి. 1970ల్లో అమెరికాలో నొప్పులకు ఇలాంటి చైనా మూలికల మాత్రలు వాడిన కొందరికి తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోయాయి. మాత్రల్ని పరీక్షిస్తే అమినోపైరిన్, ఫెనైల్‌బ్యుటజోన్ అనే నొప్పి మందులు బయటపడ్డాయి. తర్వాత ఇలాంటి మాత్రల్లోనే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కూడా దొరికింది. ఈ మోసం చైనాకే పరిమితం కాదు. 2022లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించిన 'ఆర్ట్రి కింగ్' మాత్రల్లోనూ లేబుల్ మీద చెప్పకుండా డెక్సామెథాసోన్, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కలిపారు. నెలల తరబడి స్టెరాయిడ్ మింగితే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. భయపడి ఒక్కసారిగా ఆపేస్తే ఇంకా ప్రమాదం. అప్పటికే ఒంట్లో సొంత హార్మోన్ తయారీ మందగించి ఉంటుంది కాబట్టి బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

అసలు సిసలు చైనా వైద్యం కూడా ఈ మాత్రల్ని ఒప్పుకోదు. రెండు వేల ఏళ్ల నాటి 'హువాంగ్‌దీ నైజింగ్' ప్రకారం గాలి, చలి, తేమ ఒంట్లో చేరి ప్రాణశక్తి దారులకు అడ్డుపడితే కీళ్లనొప్పి వస్తుంది. నొప్పి ఒకచోట నిలవకుండా తిరిగితే కారణం గాలి, చలికి పొడుచుకొస్తే చలి, కీలు బరువెక్కి ఒకచోటే ఉంటే తేమ. ఎర్రగా వేడెక్కితే వేడి అంటారు. వైద్యుడు నాలుక మీది పూత చూస్తాడు, రెండు మణికట్ల దగ్గరా నాడి పడతాడు. ఆ తర్వాతే ఆక్యుపంక్చర్ సూదులా, మాచిపత్రి జాతి ఆకుతో కాపడం పెట్టడమా, కషాయమా అన్నది తేలుస్తాడు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి రెండు రకాల మందు ఇచ్చే పద్ధతి అది. గ్రూపులో అందరికీ ఒకే మాత్ర పంచేవాళ్లకు ఆ శాస్త్రం పేరెత్తే హక్కు లేదు.

మూలిక కాబట్టి హాని చేయదన్నది ఇంకో అబద్ధం. చైనాలో లేయి గోంగ్ తెంగ్ అనే తీగ రుమటాయిడ్‌పై నిజంగానే పనిచేస్తుంది, పరీక్షల్లో తేలింది కూడా. అదే తీగ ఆడవాళ్లలో నెలసరిని ఆపేయగలదు, మగవాళ్లలో వీర్యకణాలను తగ్గిస్తుంది. చలి నొప్పులకు వాడే ఫూజీ మన వత్సనాభి జాతిదే, సరిగా శుద్ధి చేయకపోతే గుండె ఆగిపోవచ్చు.

సూదుల విషయంలో మాత్రం ఒక మెట్టు దిగక తప్పదు. గాలి, తేమ సిద్ధాంతాన్ని నేను నమ్మను, ఉత్తుత్తి సూదులతో పోలిస్తే తేడా కొంచెమే. అయినా అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019లో మోకాళ్ల అరుగుదలకు, 2022లో రుమటాయిడ్‌కు ఆక్యుపంక్చర్‌ను షరతులతో సూచించింది. రుమటాయిడ్‌కు అది మందుతో పాటే, మందుకు బదులు కాదు. సూదులు వేయించుకుంటానంటే వద్దనను.

మిగతా అపోహలూ అంతే. వంకాయ, పెరుగు తినడం వల్ల కీళ్లవాతం రాదు. మెటికలు విరవడం వల్లా రాదు. కెనడా చలి వల్లా రాదు, చలిలో బిగుతు ఎక్కువ తెలుస్తుందంతే.

ఇంత ప్రచారం ఇక్కడే ఎందుకు సాగుతోందో కూడా చూడాలి. సూపర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఓహిప్, అంటే ఒంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉండదు. కనీసం లక్ష డాలర్ల ప్రైవేటు ఇన్సూరెన్స్ తప్పనిసరే అయినా, పాత జబ్బుల్ని చాలా పాలసీలు కవర్ చేయవు. పిల్లలకు ఖర్చెందుకని పెద్దవాళ్లు నొప్పి దాచుకుని, ఎవరో ఇచ్చిన పేరు లేని పొట్లం విప్పుతారు. వాళ్ల మందుల పెట్టె ఒకసారి మీరే తెరిచి చూడండి.

మూలికల మాత్రల సీసా మీద ఎన్‌పీఎన్ అని ఎనిమిదంకెల నంబరుందో లేదో చూసి, హెల్త్ కెనడా సైట్‌లో సరిపోల్చుకోండి. అది లేని మూలికల మాత్ర ముట్టొద్దు. ఇప్పటికే వాడుతుంటే సొంతంగా ఆపకుండా, పొట్లంతో సహా వెంటనే డాక్టరుకు చూపించండి. ఒంటారియోలో చైనా వైద్యం చేసేవారిపై 2013 ఏప్రిల్ 1 నుంచి నియంత్రణ కాలేజీ ఉంది. సూదులు వేసేవారి పేరు దాని రిజిస్టర్‌లో వెతకండి. పొద్దున బిగుతు గంటసేపు వదలకపోయినా, రెండు చేతుల కణుపులు వాచినా ఫ్యామిలీ డాక్టర్‌ను రుమటాలజిస్టుకు రెఫరల్ అడగండి. అమ్మానాన్నలు వచ్చేటప్పుడు పాత రిపోర్టులు, ప్రిస్క్రిప్షన్ తెమ్మనండి, పాత జబ్బుకు కవర్ ఉందో లేదో పాలసీ కొనేముందే తేల్చుకోండి.