పొగమంచు కాలం: వాహనాన్ని ముందుగా సిద్ధం చేసుకోవలసిన తీరు

కార్తీక మాసం మొదలైన నాటి నుంచి సంక్రాంతి వెళ్ళే వరకు రాష్ట్రంలోని రహదారులపై తెల్లవారుజామున పొగమంచు అలుముకోవడం ఏటా చూస్తున్నదే. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు ప్రాంతాలకు వచ్చే పర్యాటకులకు ఈ మంచు కనువిందు చేస్తుంది. అదే మంచు ఘాట్ రోడ్డుపై జీపు నడిపే చోదకునికీ, కొల్లేరు చేపలతో 16వ నంబరు జాతీయ రహదారిపై సాగే లారీ డ్రైవరుకూ ప్రాణసంకటంగా పరిణమిస్తుంది. అయ్యప్ప దీక్షాపరులు అద్దె వాహనాలలో రాత్రింబవళ్ళు శబరిమలకు ప్రయాణించేది, ఖరీఫ్ ధాన్యం ట్రాక్టర్లపై రోడ్డెక్కేది కూడా ఈ రోజులలోనే కావడం గమనార్హం.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు సంభవించగా 1,68,491 మంది మరణించారు. వీటిలో పొగమంచు ఉన్న వేళ జరిగినవి 34,262, మరణాలు 14,583. అంటే మొత్తం మీద ప్రతి 100 ప్రమాదాలకు 36 మందికి పైగా చనిపోతుండగా, పొగమంచు వేళ ఆ సంఖ్య 42 దాటుతున్నది. మంచులో చోదకునికి బ్రేకు వేసే వ్యవధి చాలక, పూర్తి వేగంతోనే ఢీకొనడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

దృశ్యమానత 1,000 మీటర్ల లోపు ఉంటే పొగమంచుగా, 200 మీటర్ల లోపు ఉంటే దట్టమైన పొగమంచుగా, 50 మీటర్లకు తగ్గితే అతి దట్టమైన పొగమంచుగా వాతావరణ శాఖ వర్గీకరిస్తుంది. తడి రోడ్డుపై గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు, ముందున్న అడ్డును డ్రైవరు గమించి, బ్రేకు వేసి, పూర్తిగా నిలిచేసరికి సుమారు 60 మీటర్లు ముందుకు పోతుంది. వేగం 80 అయితే ఆ దూరం 95 మీటర్లకు చేరుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో 32 మీటర్లు చాలు. బరువుతో ఉన్న లారీకి ఇంతకన్న ఎక్కువ దూరం కావాలి. కనుక 50 మీటర్ల దూరం మాత్రమే కనిపిస్తున్నప్పుడు 40 దాటి నడపడమంటే కళ్ళు మూసుకొని నడపడంతో సమానం.

ఈ లెక్క అంతా టైర్లు బాగున్నప్పటి మాట. కార్లు, లారీల టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు, ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 0.8 మిల్లీమీటర్లకు తగ్గరాదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. చలికి టైరులోని గాలి ఒత్తిడి కూడా పడిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే కారు టైరులో ఒకటి, ఒకటిన్నర పాయింట్ల గాలి తగ్గుతుంది. విశాఖపట్నంలో మధ్యాహ్నం గాలి పట్టించుకొని బయలుదేరిన వాహనం మరునాటి ఉదయం లంబసింగిలో మూడు నాలుగు పాయింట్లు తక్కువతో ఉండడంలో ఆశ్చర్యం లేదు. ప్రయాణానికి ముందు, టైరు వేడెక్కక మునుపే గాలి చూసుకోవడం సరైన పద్ధతి.

మన ప్రాంతంలో వాహనాలను దెబ్బతీసేది నిజానికి ఎండాకాలమే. ఆ దెబ్బ బయటపడేది మాత్రం చలికాలంలో. మే నెల ఎండకు వైపర్ రబ్బరు బీటలు వారుతుంది. వేసవి వేడికి బలహీనపడిన బ్యాటరీ డిసెంబరు తెల్లవారుజామున ఇంజను ఆయిలు చిక్కబడిన వేళ మొరాయిస్తుంది. వైపర్ రబ్బర్లు మార్చడం, బ్యాటరీ టెర్మినళ్ళకు పట్టిన తెల్లని పొడిని వేడినీటితో కడిగి, ఆరిన తరువాత పెట్రోలియం జెల్లీ పూయడం చిన్న పనులే అయినా, ఘాట్ రోడ్డు మలుపులో బండి ఆగిపోకుండా కాపాడేవి అవే.

ముందు అద్దానికి లోపలి వైపున పట్టే మసక మన ఊపిరిలోని తేమ వల్ల ఏర్పడేది. చేతిగుడ్డతో తుడిచినకొద్దీ తిరిగి పడుతుంది. ఏసీ వేసి, గాలిని అద్దం మీదికి మళ్ళించినట్లయితే తేమ హరించుకుపోతుంది. చలి అనిపిస్తే ఏసీతో పాటు హీటరు కూడా వేసుకోవచ్చు. ఏసీ లేని వాహనాలలో కిటికీ అద్దం రెండు వేళ్ళ మందం దించి ఉంచడమే ఉపాయం.

దీపాల విషయంలో అపోహలు ఎక్కువ. రోడ్డు కనిపించడం లేదని 'బ్రైట్' వేస్తే, ఆ వెలుగు మంచు బిందువులపై పడి తిరిగి డ్రైవరు కళ్ళలోకే వచ్చి, ఎదుట తెల్లని గోడ నిలుస్తుంది. 'డిమ్' వెలుగే మేలు. ఫాగ్ దీపాలను బంపరు దగ్గర దిగువన అమర్చేది వాటి వెలుగు నేలను అంటుకొని ప్రసరించడానికి. వాటిని పైకప్పు మీద బిగించుకోవడం అలంకారమే కాని ప్రయోజనం శూన్యం. నాలుగు ఇండికేటర్లనూ వెలిగించుకొని నడిపే అలవాటు కూడా మంచిది కాదు. వాహనం ఆగి ఉన్నదో, కదులుతున్నదో, ఎటు తిరుగుతున్నదో వెనుకవారికి తెలియకుండా పోతుంది.

హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగర్ నుంచి కన్యాకుమారి వరకు విస్తరించి ఉన్నదన్న సంగతి విదితమే. ఈ దారిన ఉత్తరాదికి సరకు తీసుకుపోయే తెలుగు డ్రైవర్లు ప్రత్యేక శ్రద్ధ వహించాలి. రేడియేటరులో బోరు నీళ్ళు పోసుకొని ఇక్కడ ఏళ్ళ తరబడి నడిపినవారు కాశ్మీరు చలిలో అదే పని చేస్తే, నీరు గడ్డకట్టి వ్యాకోచించి ఇంజను బ్లాకు పగలవచ్చు. కూలెంటు, శుద్ధ జలం సమపాళ్ళలో కలిపితే ఆ ప్రమాదం ఉండదు. దక్షిణాదిలో ట్యాంకు నింపుకున్న డీజిలు అక్కడి చలికి మైనంలా చిక్కబడి ఫిల్టరును మూసివేస్తుంది కనుక, చలి ప్రాంతం చేరకముందే ఆ ట్యాంకు ఖాళీ అయ్యేలా చూసుకొని, అక్కడి బంకులలో నింపుకోవడం ఉత్తమం. లడఖ్ వంటి ప్రాంతాల కోసం సున్నాకు దిగువ 33 డిగ్రీల వరకు గడ్డకట్టని శీతాకాలపు డీజిలును ఇండియన్ ఆయిల్ సంస్థ 2019లో ప్రవేశపెట్టింది. డీజిలు ట్యాంకు కింద మంట పెట్టి కరిగించే పద్ధతికి ఎట్టి పరిస్థితులలోనూ పూనుకోరాదు. క్యాబిన్ అద్దాలు బిగించుకొని, లోపల బొగ్గుల కుంపటితో నిద్రించడం అంతకన్న ప్రమాదకరం. కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక ట్రాక్టర్ల సంగతి. ధాన్యం, చెరకు, పత్తి వేసుకొని తెల్లవారక ముందే బయలుదేరే ట్రక్కులలో వెనుక దీపం వెలిగేవి ఎన్నో గ్రామాధికారులకు తెలియనిది కాదు. ముందు తెలుపు, పక్కల పసుపు, వెనుక ఎరుపు రంగు రిఫ్లెక్టివ్ టేపు అంటించడానికి అయ్యే ఖర్చు ఒక బస్తా ధాన్యం ధరలో స్వల్ప భాగం. రహదారి భద్రతా మాసోత్సవాలు జనవరిలో జరుగుతాయి. కోతలు అప్పటికే చాలావరకు పూర్తవుతాయి. రవాణా, పోలీసు, వ్యవసాయ శాఖల సిబ్బంది ధాన్యం కొనుగోలు కేంద్రాల వద్దనే నవంబరులో ఈ టేపు అంటించే పని చేపట్టగలిగితే ఫలితం ఉంటుంది.

పాత్రికేయ మిత్రులకు ఒక మనవి. 'పొగమంచు కారణంగా ప్రమాదం' అని వార్త ముగించకుండా, ఆగి ఉన్న లారీకి వెనుక దీపాలు ఉన్నాయా, హెచ్చరిక త్రికోణం పెట్టారా, ఎంతసేపటి నుంచి రోడ్డుపై ఉన్నది అన్న వివరాలు కూడా సేకరించగలిగితే అధికారులకు అది ఎంతో ఉపకరిస్తుంది. ఇతరులకు ప్రమాదం కలిగే విధంగా వాహనాన్ని రహదారిపై విడిచిపెట్టడాన్ని మోటారు వాహనాల చట్టం, 1988లోని 122వ సెక్షను నిషేధిస్తున్నది.

బండి చెడిపోయినట్లయితే వీలైనంత వరకు రోడ్డు అంచుకు దించి, పార్కింగ్ లైట్లు వేసి, హెచ్చరిక త్రికోణాన్ని కనీసం 100 మీటర్ల వెనుక ఉంచాలి. ప్రయాణికులను వాహనంలో కూర్చోబెట్టరాదు. రోడ్డుకు దూరంగా, బండికి వెనుక కాకుండా పక్కకు నిలబెట్టాలి. గుర్తుగా పెట్టిన రాళ్ళు, చెట్టుకొమ్మలు బండి కదిలాక అక్కడే వదిలివేయడం వల్ల తరువాత వచ్చే ద్విచక్ర వాహనదారులు పడిపోతున్నారు. వాటిని తొలగించిన మీదటే బయలుదేరాలి. జాతీయ రహదారులపై సహాయానికి 1033, అంబులెన్సుకు 108, పోలీసు తదితర అత్యవసర సేవలకు 112 నంబర్లకు ఫోను చేయవచ్చు.