పసుపు అంచనాకు నేల తరగతి ముఖ్యం

కృష్ణా లంకల్లో భారీ వర్షాలు పడితే దుగ్గిరాల పసుపు వర్తకులు పంట నష్టాన్ని లెక్కగడతారు. అయితే వానకొలత ఒక్కటే చాలదు, నేల తరగతి కూడా చూడాలి.

అమెరికా వ్యవసాయ శాఖ వర్గీకరణలో ఒండ్రు రేణువు 0.002 నుంచి 0.05 మి.మీ. ఇది 80 శాతం, ఆపైన ఉండి, బంకమన్ను 12 శాతం లోపుంటే ఒండ్రు నేల. తేమను బాగా పట్టి ఉంచుతుంది.

మురుగు పోయే తీరుకు తరగతులు వేరు. మురుగు ఓ మోస్తరుగా పోయే నేలలో పైపొర ఆరినా, అడుగున కొంతకాలం నీరు నిలుస్తుంది. తవ్వితే కనిపించే తుప్పు, బూడిద రంగు మచ్చలే ఇందుకు ఆనవాలు. అక్కడ దుంపకుళ్లు భయం ఉంటుంది. పైరు పచ్చగా ఉందని ముందస్తు బేరం కుదుర్చుకునేవారు, చేలో మురుగుకాలువ ఉన్నదీ లేనిదీ విచారించుకోవడం మంచిది.