మూతలు తీస్తే దొరుకుతది

మోరీ జామైందని కబురొస్తే మా అల్లుడు ముందు గడ్డపార అందుకుంటాడు. “యాడ తవ్వుదుం మామా?”

“తవ్వుడు తర్వాత. ముందుగాల చాంబర్ల మూతలు తియ్” అంటాను. ముప్కాల్ చుట్టుపక్కల పైపులు వేసే మేస్త్రీని. సీసీ రోడ్డు పగలగొట్టడానికి ఒక పూట చాలు, అతుకు పడేది ఎప్పుడో నాకు తెలుసు.

పైచాంబర్ నిండి, దాని కిందిది ఎండి ఉంటే జాము ఆ రెంటి మధ్యే. వరుసన 16 చాంబర్లుంటే నడిమి దానితో మొదలుపెట్టండి. అది నిండి ఉంటే జాము కిందికి, ఎండి ఉంటే పైకి. ఇట్లా సగం సగం తగ్గిస్తూ పోతే నాలుగు మూతలతో తేలిపోతుంది. కాకపోతే నల్లా వచ్చే వేళ చూడాలి. మిట్టమధ్యాహ్నం అన్నీ ఎండినట్టే ఉంటాయి.

తర్వాత ఎండిన చాంబర్‌లోంచి వెదురు బద్ద పైవైపుకు తోస్తాను. అది ఆగగానే మూత అంచు దగ్గర పేలిక కట్టి, బయటికి లాగి, చాంబర్ లోతు తీసేసి మిగిలిన పొడవు రోడ్డు మీద కొలుస్తాను. ఇసుకైతే చేతికి గరగరమంటది. గుడ్డయితే మెత్తగా జరిగి మళ్లీ వెనక్కి నెడుతుంది. గిన్నెలు తోమిన బూడిద, నూనె జిడ్డు కలిస్తే సిమెంటు ముద్దే. ఓసారి కొసకు చిక్కింది బియ్యం సంచి పీచు. మా ఇంట్లో గిన్నెలు తోమేదే! ఆ రోజు కూలి అడగలేదు.

పట్నాల్లో పైపులోకి కెమెరా పంపుతారు. దాని తలలోని చిన్న యంత్రం సంకేతం ఇస్తుంటే, రోడ్డు మీద ఇంకో యంత్రంతో ఆ చోటు పడతారు. మాకు అద్దం చాలు. జాము తీశాక ఒక చాంబర్‌లోంచి ఎండను పైపులోకి మళ్లించి, రెండో చాంబర్‌లో కర్రకు కట్టిన అద్దంలో చూస్తాం. నిండు చందమామ కనబడితే పైపు తిన్నగా ఉన్నట్టు. సగం చందమామైతే ఎక్కడో కుంగింది, లేదా అడుగున మట్టి పేరుకుంది. వాటం చాలకపోయినా అంతే. నీళ్లు సెకనుకు రెండడుగులైనా పారితేనే మట్టి కొట్టుకుపోతుంది.

ఒక్క మాట. చాంబర్‌లో కుళ్లిన గుడ్ల వాసనొచ్చే గాలి ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. అగ్గిపుల్ల గీయకండి, అందులో మండే గాలి కూడా ఉంటుంది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు లైనులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మురుగులో ప్రాణం పోతే కుటుంబానికి 30 లక్షల రూపాయలివ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. బద్దకు లొంగకపోతే జెట్టింగ్ మిషన్‌ను పిలవండి, మనిషిని దించకండి.