పంపిన మెయిలు గడప దాటదు!
ఇంటర్‌నెట్ లైన్లలో 25వ నెంబరుకు తాళం. జిరాక్సు దుకాణాలకు, మిల్లు గుమాస్తాలకు తప్పని తిప్పలు

(మా గ్రామీణ విలేకరి)

ఇంటర్‌నెట్ తీగ పంచాయతీ ఆఫీసు దాటి ఇళ్లలోకి వచ్చింది. సినిమా చక్కగా ఆడుతోంది. అమెరికాలో ఉన్న కొడుకు ఫోనులో కనిపిస్తున్నాడు. కరెంటు బిల్లు ఇంటి నుంచే కట్టేస్తున్నారు. అయితే అదే లైను మీద జిరాక్సు దుకాణంలోని స్కానింగు మిషను నుంచి ఒక్క కాగితం ఇ-మెయిల్‌లో పంపబోతే కొన్నిచోట్ల పోవడం లేదు. బియ్యం మిల్లు గుమాస్తా లెక్కల సాఫ్ట్‌వేర్ నుంచి బిల్లు పంపితే అదీ పోదు. అవుట్‌బాక్సులో కూర్చుని ఉంటుంది. కంప్యూటరు పాడైందని ఒకరంటారు, వైరస్ పట్టిందని మరొకరంటారు. మెకానిక్కు వచ్చి విండోస్ మళ్లీ ఎక్కించి డబ్బు పుచ్చుకుని వెళ్తాడు. మెయిలు మాత్రం కదలదు.

నష్టం చిన్నదేమీ కాదు. ఉద్యోగానికో, కాలేజీ సీటుకో కాగితాలు సాయంత్రం 5 గంటలలోగా చేరాలని గడువు ఉంటుంది. ‘పంపుతున్నాను’ అని మిషను చూపిస్తుంది. ఆ మాట నమ్మి కుర్రాడు బస్సెక్కి ఊరికి పోతాడు. కాగితం చేరలేదన్న సంగతి మర్నాటికి గాని తెలియదు.

ఇందులో తప్పు మిషనుది కాదు, మెకానిక్కుదీ కాదు. ఇంటర్‌నెట్ ఇచ్చే కంపెనీలు చాలావరకు ఇళ్ల లైన్లలో ‘25వ పోర్టు’ను మూసేస్తాయి. పాత పద్ధతిలో అమర్చిన మిషన్లు ఆ దారినే వెతుక్కుంటూ అక్కడే ఆగిపోతున్నాయి.

రేవు కాదు, కిటికీ

పోర్టంటే విశాఖ రేవు కాదు. తపాలా ఆఫీసులో స్టాంపులకు ఒక కిటికీ, మనియార్డరుకు ఒక కిటికీ, పొదుపు ఖాతాకు ఒక కిటికీ ఉన్నట్లే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోడానికి నెంబర్లు వేసిన కిటికీలుంటాయి. మనం ఫోనులో చూసే వెబ్‌సైట్లు ఎక్కువగా 443వ కిటికీలో నడుస్తాయి. ఉత్తరాలు అందించే కిటికీ 25. జోనాథన్ పోస్టెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1982 ఆగస్టులో రాసిన మెయిలు నిబంధనల్లో ఈ నెంబరే ఉంది.

జీమెయిల్‌ను బ్రౌజరులో తెరిచి పంపితే మెయిలు పోతుంది గాని, అదే చిరునామాతో స్కానరు నుంచి పంపితే పోదేమని చాలామంది ఆశ్చర్యపోతుంటారు. మొదటిది 443 నుంచి పోతోంది. రెండోది తాళం వేసిన 25 దగ్గర నిలబడి ఉంది. అంతే తేడా.

తాళం ఎందుకు వేశారు?

1982 నాటి నిబంధనల్లో పాస్‌వర్డు ఊసే లేదు. వీధి చివర ఎర్ర డబ్బా లాంటిదే ఆ ఏర్పాటు. ఎవరైనా ఉత్తరం వేయవచ్చు, వెనకాల ఎవరి పేరైనా రాయవచ్చు. అప్పట్లో ఆ వల మీద ఉన్నవాళ్లు విశ్వవిద్యాలయాల వాళ్లు, పరిశోధనశాలల వాళ్లు కనుక ఇబ్బంది రాలేదు. తర్వాత దొంగలు దిగారు. 2003 ఆగస్టులో ‘సోబిగ్’ అనే వైరస్ లోకాన్ని చుట్టేసింది. మెయిలు పంపే యంత్రాంగం దాని కడుపులోనే ఉండేది. ఇంటి యజమానికి తెలియకుండా అతని కంప్యూటరు నుంచే చెత్త మెయిళ్లు బయటికి పోయేవి. లాటరీ తగిలిందనీ, బ్యాంకు ఖాతా ఆగిపోయిందనీ వచ్చే మోసపు ఉత్తరాలు ఎన్నో ఇలా ఎవరో అమాయకుల ఇళ్ల నుంచే బయలుదేరేవి.

ఇంట్లోని కంప్యూటరు నేరుగా ఎదుటివాడి మెయిలు సర్వరు గుమ్మంలోకి వెళ్లాల్సిన పని మామూలుగా ఉండదు. మన ఉత్తరం ముందు మన మెయిలు కంపెనీకి ఇస్తే, 25వ కిటికీలో ఎదుటి సర్వరుకు అందించే పని ఆ కంపెనీదే. అందుకని ఇళ్ల లైన్లలో 25ను మూసి, జనానికి వేరే కిటికీ చూపించాలని నిపుణులు తేల్చారు. అదే 587. దీని నిబంధనలు 1998 డిసెంబరులో వచ్చాయి. పేరు, పాస్‌వర్డు చెప్పనిదే ఉత్తరం పుచ్చుకోరాదని 2006లో గట్టి చేశారు. మొదటి మాట నుంచే గుప్తంగా నడిచే 465ను కూడా వాడమని 2018 జనవరి నిబంధనలు చెబుతున్నాయి.

బ్రెజిల్ చేసిన పని

ఈ విషయంలో బ్రెజిల్ దేశం నడిచిన తీరు చెప్పుకోదగ్గది. 2009లో చెత్త మెయిళ్లు ఎక్కువగా బయలుదేరే దేశాల జాబితాలో దానిది మొదటి స్థానం. అక్కడి ఇంటర్‌నెట్ వ్యవహారాల సంఘం టెలిఫోను కంపెనీలను, మెయిలు కంపెనీలను, ప్రభుత్వ నియంత్రణ సంస్థను కూర్చోబెట్టి 2011లో ఒప్పందం చేయించింది. తాళం వెంటనే వేయలేదు. మెయిలు కంపెనీలు తమ ఖాతాదారులను ముందు 587కు మార్చాలి. ఆ తర్వాతే టెలిఫోను కంపెనీలు 25ను మూయాలి. వినియోగదారులకు ముందే కబురు చెప్పారు. 2013 నాటికి ఆ దేశం మొదటి పది స్థానాల నుంచి బయటపడింది. జపాను కంపెనీలు అంతకు ముందే, 2005 ప్రాంతం నుంచి, ఈ బాట పట్టాయి.

25ను మూయడాన్ని తప్పు పట్టలేం. మూసిన సంగతి చెప్పకపోవడమే తప్పు. కనెక్షను ఇచ్చేటప్పుడు నెల బాడుగ, వేగం చెబుతారు గాని ఈ ముక్క చెప్పేవారు అరుదు. రశీదు వెనకాల ఒక్క వాక్యం అచ్చు వేస్తే ఎంతోమందికి విండోస్ ఖర్చు తప్పేది.

ఇప్పుడేం చేయాలి?

ముందు జబ్బు పోల్చుకోవాలి. మిషను చాలాసేపు ఎదురు చూసి ‘టైమ్‌డ్ అవుట్’ అని చూపిస్తే కిటికీ మూసి ఉందని అనుమానించాలి. ‘అథెంటికేషన్ ఫెయిల్డ్’ అంటే కిటికీ తెరిచే ఉంది, పాస్‌వర్డు దగ్గర పేచీ అని అర్థం.

మొదటిదైతే సెట్టింగుల్లో ‘అవుట్‌గోయింగ్ సర్వర్’ లేదా ‘ఎస్.ఎం.టి.పి.’ అన్న చోట 25 తీసేసి 587 వేయాలి. పక్కనే ‘స్టార్ట్ టి.ఎల్.ఎస్.’ ఎంచుకోవాలి. 465 వేస్తే ‘ఎస్.ఎస్.ఎల్.’ ఎంచుకోవాలి. ఈ జత తారుమారైతే మళ్లీ పని జరగదు. పేరు దగ్గర పూర్తి మెయిలు చిరునామా ఇవ్వాలి.

జీమెయిల్ వాడేవారికి ఇంకో మెలిక ఉంది. 2022 మే 30 తర్వాత మామూలు ఖాతాల పాస్‌వర్డును పాత మిషన్లలో ఒప్పుకోవడం మానేశారు. ఖాతాలో రెండంచెల తనిఖీ పెట్టుకుని 16 అక్షరాల ‘యాప్ పాస్‌వర్డు’ తీసుకుని మిషనుకు అదే ఇవ్వాలి. అసలు పాస్‌వర్డు దుకాణదారుకు చెప్పాల్సిన అవసరం తప్పుతుంది కనుక ఇది మేలే.

మరీ పాత స్కానర్లకు కొత్త గుప్త భాష రాదు. వాటితో కుస్తీ పట్టడం దండగ. కాగితాన్ని పెన్‌డ్రైవ్‌లోకి స్కాన్ చేసి బ్రౌజరు నుంచి పంపుకోవడమే దారి. సొంత మెయిలు సర్వరు నడిపే సంస్థలైతే స్థిరమైన చిరునామా గల వ్యాపార కనెక్షను తీసుకుని 25 తెరవమని రాతపూర్వకంగా అడగాలి. లేదా మరో మెయిలు కంపెనీ 587 ద్వారా పంపించుకోవాలి. కంపెనీ బదులు చెప్పకుంటే ఫిర్యాదు కేంద్రానికి ఫోను చేసి ఫిర్యాదు నెంబరు అడిగి రాసి పెట్టుకోవాలి. అక్కడా తేలకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వెళ్లవచ్చు. 2012 నిబంధనలు ఈ హక్కు ఇచ్చాయి.

నెంబరు మార్చాక ముందుగా సొంత చిరునామాకే ఒక కాగితం పంపి, అది చేరిందని ఫోనులో కళ్లారా చూశాకే దుకాణం ముందు ‘ఇ-మెయిల్ పంపబడును’ అన్న బోర్డు పెట్టాలి.